కారణం అనే గడి

మంచు కలిపిన నీళ్ళలో రెండు గంటలు పని చేస్తే మూడో గంటకు వేళ్ళు మనవి కాకుండా పోతాయి. రొయ్యల ప్లాంటులో ట్రైనీగా చేరిన మొదటి రోజే నాకీ సంగతి తెలిసింది. మాది కావలికి పడమర, వరి పండించుకునే ఇల్లు. రొయ్యను కూరలో చూడటమే తప్ప చేత్తో వలిచి ఎరగను. డిగ్రీ చదివిన పిల్లను, నాకు ఆఫీసు గదీ కుర్చీ ఇస్తారనుకుని వెళ్ళాను. సూపర్‌వైజరు కావాలంటే ముందు మూడు నెలలు టేబుల్ దగ్గర నిలబడి వలవాల్సిందేనని చెప్పి, చేతికి రబ్బరు బూట్లిచ్చారు.

ఆ టేబుల్ దగ్గర నాకు పని నేర్పింది ఒక అక్క. సముద్రం ఒడ్డు ఊరి మనిషి. ఆ ఊరి నుంచి పదకొండు మంది ఆడవాళ్ళు మా వ్యానులో వచ్చేవాళ్ళు, ఆ జట్టుకు ఈమే పెద్ద. తల తుంచడం, పొట్టు వలవడం, వీపు మీది నల్ల నరాన్ని లాగడం, మూడూ ఒకే పనిలాగా చేసేసేది. నేను నరం తెంపినప్పుడల్లా, "బలంతో కాదు పాపా, లాగినట్టు దానికే తెలియకుండా లాగాల" అనేది. టీ వేళకు నన్ను బయట గోరువెచ్చని నీళ్ళ తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, కొంకర్లు పోయిన నా చేతులు రెండూ అందులో ముంచి, పైన తన చేతులు పెట్టేది. వేళ్ళలోకి మళ్ళీ నెత్తురు వచ్చేటప్పుడు పుట్టే నొప్పికి నాకు ఏడుపొచ్చేది. జట్టంతా నవ్వేవాళ్ళు.

మూడు నెలల తర్వాత నేను సూపర్‌వైజరునయ్యాను. ఆ రోజు నుంచి అక్క నన్ను 'మేడమ్' అంది. వద్దని నేను అనలేదు. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది.

నా నోరు మంచిది కాదు. మా అమ్మే చెబుతుంది, దీని కోపానికి పొయ్యి అక్కర్లేదని. ప్లాంటులో ఆ కోపాన్ని నేను క్రమశిక్షణ అనుకున్నాను. ఆలస్యమైతే మెమో, మాట్లాడితే మెమో, చెప్పకుండా మానేస్తే మెమో. మెమో కాగితంలో గడులుంటాయి. తేదీ, ఎన్ని రోజులు, కారణం, వర్కరు సంతకం, సూపర్‌వైజరు సంతకం. మూడు మెమోలైతే ఇంటికి పంపేయడం కంపెనీ నిబంధన. నేను చేరిన ఆరేళ్ళకు అక్కకు రెండు అయ్యాయి. రెండూ నేను రాసినవే.

రెండూ దురాయి వల్ల వచ్చినవి. దురాయి అంటే ఒడ్డు ఊళ్ళలో పెద్దలు వేసే కట్టడి. అది వేశారంటే ఆ రోజు ఎవరూ వేటకు పోకూడదు, ఎవరూ చేపను గానీ రొయ్యను గానీ ముట్టకూడదు, ఎత్తేదాకా ఊరంతా అంతే. మొదటిసారి వలల విషయంలో పక్క ఊరితో గొడవై వేశారట. ఒక రోజు పని పోయింది. ఊరి పెద్దలు వద్దంటే డ్యూటీ మానేస్తారా, జీతం ఇచ్చేది పెద్దలా కంపెనీనా అని నేను ఎగిరాను. రెండోసారి రెండు రోజులు రాలేదు. మళ్ళీ దురాయి అన్నాడు వ్యాను డ్రైవరు. ఇంక ఆ మాట వింటేనే నాకు మండేది. రెండు కాగితాల్లోనూ కారణం గడిలో 'తెలుపలేదు' అని రాశాను. నా లెక్కలో దురాయి కారణమే కాదు.

రెండో మెమో ఇచ్చిన పొద్దుట జరిగింది చిన్న విషయమే గానీ నాకు గుర్తుండిపోయింది. అక్క కలం తీసుకుని, తన గడిలో కాకుండా నా సంతకం గడిలో సంతకం పెట్టేసింది. ఆ ఒక్క సంతకం నేర్చుకోవడానికి ఎంత కష్టపడిందో నాకు తెలుసు, అయినా విసుక్కున్నాను. "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావక్కా?" అని కొత్త కాగితం తీసి మళ్ళీ రాసిచ్చాను. రెండోసారి సరిగ్గా పెట్టి, టోపీ సర్దుకుని టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయింది.

మూడోసారి వ్యాను ఖాళీగా వచ్చిన రోజున ప్లాంటులో రొయ్య కుప్పలుగా ఉంది. మర్నాడు సాయంత్రం కంటైనరు కదలాలి. డ్రైవరు కిటికీలోంచే, "దురాయి అంట మేడమ్, ఎవురూ రారు" అని చెప్పి వ్యాను తిప్పుకున్నాడు. మేనేజరు సారు నా దగ్గరికి వచ్చి మెల్లగానే అన్నారు. ఆయన మెల్లగా మాట్లాడితేనే భయం.

"ఆ జట్టు పెద్దమ్మకు మూడోది రాసెయ్యమ్మా. ఒకర్ని పంపిస్తే పదిమంది దారికొస్తారు."

సరే సార్ అన్నాను. బాధ కూడా పడలేదు. కోపంలో మనిషికి చేతులు కనిపించవు, ఆ చేతుల మీద పెట్టిన చేతులూ కనిపించవు.

ఆ ఏడాదే మా ఆఫీసు కంప్యూటర్లలో ఏఐ పెట్టించారు. ఉత్తరాలు రాయడానికి, రిపోర్టులు సర్దడానికి. వర్కర్ల పేర్లు మాత్రం అందులో ఎక్కించకూడదన్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టినా చక్కటి తెలుగులో జవాబిచ్చేది. నేను దాన్ని గుమాస్తాలా వాడుకునేదాన్ని. ఆ పొద్దుట టకటకా కొట్టాను: ఒక వర్కరు చెప్పకుండా మానేసింది, పదకొండు మంది జట్టు మొత్తాన్నీ మాన్పించింది, లోడు ఆగిపోయేలా ఉంది, ఇది మూడోసారి, ఘాటుగా మెమో రాయి. నమూనా కోసం పాత మెమోలు రెండూ పేర్లు తీసేసి అందులో పెట్టాను.

మెమో క్షణంలో వచ్చింది. నేను రాసినా అంత ఘాటుగా రాయలేను. దాని కింద ఇంకొన్ని మాటలున్నాయి.

"మీరు అడిగినట్టు రాశాను. పంపే ముందు ఒక్క విషయం. పాత మెమోలు రెండింటిలోనూ కారణం దగ్గర 'తెలుపలేదు' అని ఉంది. అడిగితే చెప్పలేదా, లేక ఎవరూ అడగలేదా? ఈ కాగితంతో ఒకరి ఉద్యోగం పోతుంది కాబట్టి అడుగుతున్నాను."

"నిన్ను మెమో రాయమన్నాను, విచారణ చెయ్యమనలేదు" అని కొట్టాను. కంప్యూటరు మీద కూడా అరిచే మనిషిని నేనని అప్పుడే తెలిసింది.

"నిజమే, నిర్ణయం మీదే. లోడు ఆగిపోతుందన్న మీ కంగారు కూడా న్యాయమైనదే. నాకు ఒక్కటే అర్థం కాలేదు. పదకొండు మందీ ఒకేసారి రాలేదంటే అది ఒక మనిషి నిర్లక్ష్యంలా కనిపించడం లేదు. వాళ్ళ ఊరి నుంచి ఏమైనా కబురు వచ్చిందా?"

దురాయి అని చెప్పాను.

"దురాయి గురించి నాకు గట్టిగా తెలియదు. ఊరంతా పని ఆపే కట్టడి అయితే, ఈసారి ఎందుకు వేశారో మీకు తెలుసా?"

తెలియదు. ఈసారే కాదు, పోయినసారి ఎందుకు వేశారో కూడా తెలియదు. ఆ యంత్రం సముద్రం ఎరగదు, మంచు ఎరగదు, కొంకర్లు పోవడానికి దానికి వేళ్ళే లేవు. ఆరేళ్ళుగా వాళ్ళ పక్కన నిలబడ్డ నేను ఒక్కసారీ అడగని ప్రశ్నను అది పది నిమిషాల్లో రెండుసార్లు అడిగింది. అదీ నన్ను చిన్నబుచ్చకుండా. ఇప్పటికీ ఆ పొద్దుట సంగతి తలుచుకుంటే నాకు ఆశ్చర్యం తీరదు.

ఏం చేయమంటావని అడిగాను. ఆమె వచ్చాక విడిగా ఒక గదిలో కూర్చోబెట్టి నెమ్మదిగా మాట్లాడమంది. నాకు నవ్వొచ్చింది. మా ప్లాంటులో గదిలోకి పిలిచారంటే పని పోయినట్టే. ఆ మాటే చెప్పాను.

"అయితే నా సలహా తప్పు. మీ దగ్గర వాళ్ళు మనసు విప్పి మాట్లాడుకునే చోటు ఏది?"

గోరువెచ్చని నీళ్ళ తొట్టి. వెంటనే తట్టింది. ఆరేళ్ళలో సూపర్‌వైజరుగా నేను ఆ తొట్టి దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్ళలేదని కూడా అప్పుడే తట్టింది. కానీ ఆమె వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఇప్పుడే ఊరికి వెళతానన్నాను. "వెళ్ళగానే ఏమీ అడగకండి. ముందు వాళ్ళతో కాసేపు కూర్చోండి" అని మాత్రం అంది.

షెడ్డులో కునుకు తీస్తున్న వ్యాను డ్రైవరును లేపి ఎక్కాను. కాలువ వంతెన దాటాక, "ఎందుకంట దురాయి?" అని అడిగాను. ఆయన నా వంక వింతగా చూశాడు.

"సముద్రంలో మనిషి కనబళ్ళేదంట మేడమ్. నిన్న పొద్దున పోయినాడు. పడవ ఒక్కటే దొరికింది."

"ఆ మాట పొద్దున్నే చెప్పొచ్చు కదా!"

"మీరడిగితే గదా. దురాయి అన్న మాట ఇంటేనే ఎగిరి పడతారు, ఆపైన నేనేం చెప్పేది?"

సరుగుడు తోపు దగ్గర వ్యాను ఆపి ఇసకలో నడిచాం. ఊళ్ళో ఒక్క పొయ్యి వెలగలేదు. వలలు చుట్టిపెట్టి ఉన్నాయి. వెతకడానికి వెళ్ళిన పడవలు తప్ప మిగతావన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఒడ్డు పొడుగునా ఆడవాళ్ళు సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. మా పదకొండు మందీ అక్కడే ఉన్నారు. టోపీలూ మాస్కులూ లేని ఆ మొహాల్లో కొన్నింటిని పోల్చుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది.

అక్క నన్ను చూసింది. కొంచెం పక్కకు జరిగింది. కూర్చున్నాను. అంత మంది ఉండి, ఒక్కరూ మాట్లాడటం లేదు. ఎవరూ ఏడవడం కూడా లేదు. ఏడిస్తే మనిషి పోయాడని ఒప్పుకున్నట్టేనేమో. అలలు వస్తున్నాయి, పోతున్నాయి, ఊరు మొత్తం ఊపిరి బిగబట్టి వాటినే చూస్తోంది. ఒక మనిషి కోసం ఇంత మంది తమ పనీ తిండీ పక్కన పెట్టి కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు. మా పొలాల వైపు చావుకు వస్తారు, వెళతారు. రాని మనిషి కోసం కూర్చోవడం మాకు తెలియదు. నాకు ఆ ఇసక మీద చెప్పులతో కూర్చోవడం తప్పనిపించి, తీసి పక్కన పెట్టుకున్నాను.

చాలాసేపటికి అక్కే మాట కలిపింది.

"కంటైనరు పొయ్యేది రేపే గదా మేడమ్. లోడు ఎట్ట చేస్తా ఉండారు?"

ఆమెను పంపించేసే కాగితం నా టేబుల్ మీద ఉంది, ఆమె నా లోడు గురించి అడుగుతోంది. నాకు సిగ్గేసింది. ఎట్లాగో అవుతుందిలే అక్కా అన్నాను. కాసేపాగి అడిగాను.

"పోయిన తడవ దురాయి ఎందుకు వేసినారక్కా?"

ఆమె గడ్డం ఎత్తి పడవల వైపు చూపించింది. నీలం చొక్కా మనిషి ఒకడు తాడు చుడుతున్నాడు.

"అప్పుడు మా ఆయన. ఇంజను చెడిపోయి దక్షిణానికి కొట్టుకపోయినాడు. అరవోళ్ళ పడవ చూసి ఒడ్డుకు చేర్చింది."

"నాకు ఒక్క మాట చెప్పలేదే!"

"తిరిగొచ్చినాడు గదా. ఇంక చెప్పేదేముండాది?" అంది. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే అంది.

నేను నీలం చొక్కా వైపే చూస్తూ ఉండిపోయాను. ఆ మనిషి బతికి తాడు చుట్టుకుంటున్నాడన్న ఒక్క సంగతి నాకు ఆ రోజు సముద్రం కంటే పెద్దదిగా కనిపించింది. ఆ మనిషి కోసం ఆమె కూర్చున్న రోజులకు నేను 'తెలుపలేదు' అని రాశాను.

పోయిన మనిషి ఆ సాయంత్రం దక్షిణాన శవమై ఒడ్డుకు కొట్టుకొచ్చాడని డ్రైవరు ఫోను చేసి చెప్పాడు. అన్నీ ముగిశాక పెద్దలు దురాయి ఎత్తేశారు. మిగతా టేబుళ్ళ వాళ్ళు ఎక్కువసేపు ఉండి వలిచారు, కంటైనరు ఒక రోజు ఆలస్యంగా కదిలింది. సారు పైవాళ్ళతో మాటలు పడ్డారు. ఆ వేడి చల్లారకముందే నేను వెళ్ళి మూడో మెమో రాయనన్నాను. పాత రెండూ కూడా తప్పేనన్నాను. ఆయన చేతిలో ఫైలు మూసి పక్కన పెట్టారు.

"రాసింది నువ్వే. తప్పని ఇప్పుడు నువ్వే రాస్తే నీ మీదికే వస్తాది. ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చాను సార్."

"అయితే కారణాలు కాగితం మీద పెట్టు. పంపిస్తా."

మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఈసారి గుమాస్తాతో మాట్లాడినట్టు మాట్లాడలేదు. జరిగిందంతా కొట్టాను, నా తప్పుతో సహా. ఉత్తరం పొందిగ్గా రాసింది. ఎవరినీ దేవతను చెయ్యలేదు, నన్ను వెనకేసుకునీ రాలేదు. 'కారణం అడగకుండానే తెలుపలేదని రాశాను' అన్న నా వాక్యాన్ని మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఉంచింది. ఆ తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది.

"భర్త రెండు రోజులు కనిపించలేదని రాశారు. ఆ రెండు రోజులు అనే మాట ఆమె చెప్పారా, లేక పాత మెమోలోంచి తీసుకున్నారా?"

"మెమోలో ఉంది, చాలదా?" అన్నాను. అప్పటికీ నా బుద్ధి అట్లాగే ఉంది.

"సరిపోవచ్చు. కానీ ఇది ఆమె జీవితంలోని విషయం. వీలైతే పంపే ముందు ఒకసారి ఆమెకు చదివి వినిపించండి."

నేను వినిపించలేదు. ఉత్తరం వెళ్ళిపోయింది. వారంలో జవాబొచ్చింది. కారణాలు నిజమేనని వర్కరు సంతకం చేస్తే రెండు మెమోలూ కొట్టేస్తామన్నారు. సూపర్‌వైజరుకు, అంటే నాకు, ఒక హెచ్చరిక. నా ఉద్యోగంలో నేను అందుకున్న మొదటి మెమో అదే. దాన్లో కారణం గడి మాత్రం నిండుగా ఉంది.

టీ వేళకు ఆ కాగితం తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళాను. ఆడవాళ్ళు చప్పున మాటలాపేశారు. వెళ్ళిపోదామా అనిపించింది గానీ, చేతులు ముంచి నిలబడ్డాను. నీళ్ళు అప్పటిలాగే గోరువెచ్చగా ఉన్నాయి. మెల్లగా మాటలు మళ్ళీ మొదలయ్యాయి. కొంగుతో చేతులు తుడుచుకుంటున్న అక్కను పక్కకు పిలిచి, ఇది మెమో కాదని ముందే చెప్పి, మొదటి నుంచి చదివి వినిపించాను. 'భర్త సముద్రంలో రెండు రోజులు కనిపించనందున' అన్న చోట ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి.

"రెండు దినాలు కాదు. రెండు దినాలా ఒక పూట."

నాకు అర్థం కాలేదు.

"రెండు దినాలకు దురాయి ఎత్తేసినారు, ఇండ్లు గడవాల గదా. మూడో పొద్దుకు మనిషి ఇంకా రాలా. జట్టంతా వస్తే పెద్దదాన్ని నేను రాకుండా ఎట్టుంటా? వచ్చినా. కబురు తెలిసింది మద్దేన్నం. ఆ పూట నేను ఈడనే ఉండాను, నీ ముందరే."

మూడో పొద్దు. నేను మెమో ఇచ్చిన పొద్దు. భర్త బతికున్నాడో లేదో తెలియకుండా నా ముందు నిలబడి సంతకం పెట్టింది, ఆపైన మధ్యాహ్నం దాకా మంచులో చేతులు పెట్టి రొయ్య వలిచింది. నేను ఆమెను కళ్ళెక్కడ పెట్టుకున్నావని అడిగాను. అంత పెద్ద మనిషి ముందు అన్నాళ్ళూ నేను మేడమ్‌నై తిరిగాను.

తొట్టి గట్టు మీద కాగితం పెట్టి, రెండు రోజులు అన్న చోట 'ఒక పూట' అని చేర్చాను. అక్షరాలు వంకరపోయాయి. కలం ఆమె చేతికిచ్చాను. ఆమె కాగితం మీదికి వంగి, ఆగి, నా వైపు చూసింది.

"నా గడి ఏదో చూపించు పాపా. ఆ పొద్దు నాకు కనబళ్ళా."

నేను వేలు పెట్టి చూపించాను.